పుట్టినరోజు కేకు

మా అమ్మాయికి గోధుమ పడదు. అందులోని గ్లూటెన్ పేగును దెబ్బతీస్తుంది. గోధుమ మానితే ఈ జబ్బు కుదుటపడుతుందని డచ్చి వైద్యుడు డికె 1950లో చూపారు.

దాని పుట్టినరోజు ముందునాడు కడంబత్తూరులో రైలెక్కి అందరం తిరువళ్ళూరు వెళ్ళాం. ఒక బేకరీలో బియ్యప్పిండి కేకు కనిపించింది. "మైదా కలిపే బల్లమీదే ఇదీ చేస్తాం, పాపకు పెట్టకండి సార్" అన్నాడు కొట్టాయన. బేరం పోయినా నిజం చెప్పాడు. కిలోకు 20 మిల్లీగ్రాములు దాటితే 'గ్లూటెన్ లేదు' అని మన దేశంలో చీటీ వేయరాదు మరి.

"అయితే అన్నయ్యకు కొనండి నాన్నా" అంది పిల్ల. వాడూ వద్దన్నాడు. మర్నాడు మా ఆవిడ అరిసెలు వండింది.

చదువరులకొక మనవి. డబ్బా ఇంగువలో తరచు గోధుమపిండి కలుపుతారు; చీటీ చదవండి. "ఒక్క ముక్కకేమవుతుంది?" అని ఇలాంటి పిల్లలకు పెట్టకండి. ఆ ఒక్క ముక్కే చేటు.