అడిగిందేమిటి?

బాలలూ! జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో ఐదవ తరగతి చదివే మీలో చాలామంది నవోదయ పరీక్ష రాయబోతున్నారు గదా. చొప్పదండిలోని నవోదయ వంటి విద్యాలయాలలో ఆరవ తరగతికి ప్రవేశం దీనితోనే. రెండు గంటలలో 80 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు నిమిషంన్నర. వాటిలో సగం బొమ్మల ప్రశ్నలే.

ఈ లెక్క చూడండి. పెట్టెకు 48 చొప్పున 19 పెట్టెల మామిడికాయలు జగిత్యాల మార్కెట్టుకు వచ్చాయి. 12 చెడిపోయాయి. మంచివెన్ని? జవాబులు 912, 924, 900, 888.

20 పెట్టెలైతే 960. ఒక పెట్టె తీసేస్తే 912. తొందరపడేవాడు ఆ అంకె కనబడగానే సంబరపడి దాని వృత్తం నింపేస్తాడు. పెన్నుతో నింపాక చెరపడానికి వీల్లేదు! అడిగింది మంచి కాయలు, అంటే 900. తక్కిన అంకెలు ఊరికే పెట్టినవి కావు సుమా! తీసివేయవలసిన 12ను కూడినవాడి కోసం 924 కాచుకొని ఉంది.

తప్పు జవాబుకు మార్కులు కోయరు; కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి.

తల్లిదండ్రులకొక మాట. ఈ పరీక్ష రెండవసారి రాయనివ్వరు. అలాగని అర్ధరాత్రి దాకా చదివించడం నాకు నచ్చదు. లెక్క తప్పితే, గుణకారం రాక తప్పిందా, ప్రశ్న పూర్తిగా చదవక తప్పిందా, పిల్లల నోటనే చెప్పించండి. మొదటిదానికి ఎక్కాలు చాలు. రెండవదానికి, అడిగిందేమిటో సొంత మాటలలో చెప్పాకనే పలక పట్టనివ్వాలి. విద్యాలయానికి 80 సీట్లకు మించవు. ఆ సంగతి ఫలితాలకు ముందే పిల్లలకు చెప్పి ఉంచండి.

ఇక మీకు ఇంటిలెక్క: సిరిసిల్లలో ఒక మరమగ్గం రోజుకు 36 మీటర్ల గుడ్డ నేస్తుంది. 25 రోజులలో 4 రోజులు ఆగిపోయింది. నేసిన గుడ్డ ఎంత?