తెల్ల కాగితమే వెలుతురు

చలికాలం పొద్దున్నే అనంతగిరి ఘాట్ రోడ్డెక్కితే గాలికొండ దగ్గర ఓ విచిత్రం కనిపిస్తుంది. కొండల అడుగుభాగాన్ని మంచు మింగేసి ఉంటుంది. శిఖరాలు మాత్రం గాల్లో తేలుతుంటాయి. కళ్లెదుటే ఉన్నా కలలా అనిపిస్తుంది. దాన్ని నీటిరంగుల్లో పట్టుకుందామని కూర్చున్న కొత్తవాళ్లు కాగితం మీద కాగితం పాడుచేసుకుంటారు. అలాంటివాళ్లకి ఓ మంచి అభ్యాసం ఉంది... ముందుగా సాల్వడార్ డాలీ బొమ్మ ఒకటి చూసి వేయడం!

డాలీ 1931లో వేసిన ‘ది పర్సిస్టెన్స్ ఆఫ్ మెమరీ’ అనగానే కరిగి వేలాడే గడియారాలు గుర్తొస్తాయి. వెనకున్న రాతి గుట్టల్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. అవి ఊహలోంచి వచ్చినవి కావు. స్పెయిన్‌లోని కాటలోనియా తీరంలో డాలీ చిన్నప్పట్నుంచీ చూసిన రాళ్లే. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉన్న ఈ బొమ్మ ఎత్తు 24 సెంటీమీటర్లు, వెడల్పు 33. అదే సైజులో వేసి చూడొచ్చు.

చిక్కేమిటంటే, అది తైలవర్ణచిత్రం. అందులో ముదురు రంగు మీద కూడా తెలుపు పెట్టొచ్చు. నీటిరంగుల్లో ఆ వీల్లేదు. కాగితం తెలుపే వెలుతురు. ఎక్కడ వదలాలో కుంచె ముంచకముందే తేల్చుకోవాలి.

మొదట ఆకాశం. కాగితం తడిపి కింద లేత పసుపు వేయాలి. అది పూర్తిగా ఆరాక మళ్లీ తడిపి, పైనుంచి నీలం దించుతూ పసుపు దగ్గరకొచ్చేసరికి పల్చన చేసేయాలి. తొందరపడితే రెండూ కలిసి ఆకుపచ్చ తేలుతుంది. రాళ్లకి మాత్రం పొడి కాగితం. అప్పుడే అంచులు పదునుగా వస్తాయి. గడియారాలు మెత్తగా కనిపించాలంటే, నీడ రంగు వేసి అది ఆరకముందే శుభ్రమైన తడికుంచెతో ఒకవైపు అంచుని కరిగించాలి. సగం ఆరిన రంగు మీద నీళ్లు పడ్డాయో, పువ్వులాంటి మరక లేస్తుంది. అరకు చెమ్మలో కాగితం త్వరగా ఆరదు కాబట్టి ఓపిక ఇంకాస్త ఎక్కువే కావాలి.

గాలికొండ రహస్యమూ ఇదే. శిఖరం అంచు పదును, అడుగు అంచు తడితో మాయం. గడియారం నేర్పిన పని కొండకి పనికొస్తుంది.

చూసి వేసింది అభ్యాసమే, సొంత బొమ్మ కాదు. డాలీ తన ఊరి రాళ్లని వేసినట్టే నేర్చుకున్నవాళ్లూ తమ నేలవైపు తిరగాలి. తెలుగునాట ఆ దారి ఉండనే ఉంది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో ఎదిగిన దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకున్నారు. తిరిగొచ్చి తెలుగువాళ్ల జీవితాన్నే బొమ్మలకెక్కించారు. 1925లో 28 ఏళ్లయినా నిండకుండానే కన్నుమూశారు. ఆయన చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో చూడొచ్చు.

అయితే డాలీ దగ్గర అరువు తెచ్చుకోకూడనిది ఒకటుంది... ఆ నిర్జనత్వం. ఆయన తీరంలో మనిషి అలికిడి లేదు. అరకు కొండలు అలాంటివి కావు. పసుపు పరిచినట్టున్న వలిసె చేలు ఒకరు విత్తినవి. సిల్వర్ ఓక్ నీడన కాఫీ పళ్లు ఒకరు కోసేవి. మంచు మాటున గూడేలున్నాయి. పర్యాటకుడికి కలగా తోచే ఆ లోయ, అక్కడి గిరిజనులకి పొద్దున్నే పనికెళ్లే దారి. కల అందంగా ఉందని ఊళ్లని చెరిపేస్తే బొమ్మ అబద్ధమవుతుంది.

మంచులోంచి లేచే పొయ్యి పొగకి రంగేమీ అక్కర్లేదు. సన్నగా కాగితం తెలుపు వదిలితే చాలు. కాకపోతే అక్కడో ఇల్లుందని మొదటి కుంచె వేటుకి ముందే గుర్తుండాలి. అంతా నింపేశాక గుర్తొస్తే, ఆ తెలుపు మళ్లీ తేవడం కష్టం.