ఆడపిల్లకు ఈతెందుకు?

పసిబిడ్డ నీళ్ళలో పడి చనిపోతే అందరూ అడిగే మొదటి ప్రశ్న "తల్లి ఏం చేస్తోంది?" అని. తల్లి మిరపకాయలు ఏరడానికో, తునికాకుకో పోయి ఉంటుంది. బిడ్డను చంకనెత్తుకు తిరిగేది ఏడెనిమిదేళ్ళ అక్క. ఆ అక్కకు ఈత రాదు. దుమ్ముగూడెంలో గోదావరి ఒడ్డున పుట్టి, ఆ రేవులోనే బట్టలుతికి, బిందెలు మోసే పిల్లకు ఈత ఎందుకు రాదని మనం ఏ సమావేశంలోనూ చర్చించం.

మగపిల్లలు అన్నల వెంట పోయి, నడుముకు సొరబుర్రో ట్యూబో కట్టుకుని నేర్చేసుకుంటారు. ఆడపిల్ల అదే రేవులో దిగితే తడిబట్టలతో సిగ్గులేదా అంటారు. (బట్టలుతికేటప్పుడు ఆ సిగ్గు ఎవరికీ గుర్తురాదు.) 2022లో దేశంలో 38 వేల మందికి పైగా నీట మునిగి చనిపోయారని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క. ఇంత జరుగుతున్నా ఈతను ఆటగానే చూస్తున్నాం.

ఏడాది దాటిన పిల్లలకు కూడా ఈత పాఠాలు మేలు చేస్తాయని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019లో చెప్పింది. అయితే అది కొలనూ, శిక్షకులూ ఉన్నచోటి మాట. అయిదేళ్ళలోపు బిడ్డకు మన దగ్గర కావలసింది ముందు కనిపెట్టుకుని ఉండే మనిషి. బంగ్లాదేశ్ ప్రభుత్వం 2022లో 8 వేల శిశు సంరక్షణ కేంద్రాల పథకాన్ని ఆమోదించింది. అందులోనే ఆరేళ్ళు దాటిన పిల్లలకు ఈత నేర్పడమూ ఉంది. మన అంగన్‌వాడీలు కూలిపనుల వేళల్లో తెరిచి ఉంటే సగం భయం తీరుతుంది.

ఈత వస్తే చాలని నేననను. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఆ వరదలో ఏ ఈతా పనికిరాదు. అందుకే ఏ నీళ్ళలో దిగకూడదో కూడా నేర్పాలి. తమ్ముడు మునుగుతుంటే తాను దూకకుండా కేకలేసి చీరో కర్రో అందించాలని చెప్పాలి. దూకి ఇద్దరూ పోతున్నారు.

ఎండాకాలంలో, లోతు తెలిసిన చోట, నడుము దాటని నీళ్ళలో, ఈత వచ్చిన ఆడవాళ్ళ చేతే నేర్పించాలి. ఊళ్ళలో అలాంటి కోయ స్త్రీలను వెతకాలి. ఆశ్రమ పాఠశాలల బాలికలతో మొదలుపెట్టమని భద్రాచలం ఐటిడిఎను అడుగుదాం. నేర్పే మనిషికి రోజు కూలి కూడా అడగాలి. సేవ పేరుతో ఆ పనీ ఉచితంగా చేయించుకోవద్దు.