ఉడుతపిల్ల - మన దయ

వేసవిలో మైలవరపు మామిడితోటలపై గాలివాన వీచినపుడు కాయలతోపాటు ఉడుతగూళ్ళును నేల రాలును. కన్ను తెఱవని పిల్లను చూచి మనసు కరగి, ఇంటికి తెచ్చి ఆవుపాలు పోయుదుము. ఇది దయయే, కాని తెలివి తోడులేని దయ. ఆవుపాలు దానికి సరిగా జీర్ణముకావు. విరేచనములు పట్టి తఱచు పిల్ల మరణించును. వెల్లకిల పరుండబెట్టి పోసిన పాలు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.

మొదట కావలసినది ఆహారము కాదు, వెచ్చదనము. మెత్తని గుడ్డ పఱచిన బుట్టలో నుంచి, ఆ చెట్టుకడనే పెట్టి, పిల్లులు రాకుండ దూరమునుండి కనిపెట్టవలెను. తల్లి తిరిగివచ్చి పిల్లను నోట కఱచుకొని పోవుట కలదు. చీకటిపడుదాక రానిచో, పశువైద్యుని సలహాతో పెంపవలెను.

పెంచినంతమాత్రమున అది మనది కాదు. 1766లో లిన్నేయసను స్వీడను శాస్త్రజ్ఞుడు ఈ ఉడుతకు తాటిచెట్టుతో ముడిపడిన పేరు పెట్టెను. చెట్టే దాని యిల్లు, పంజరము కాదు. శ్రీరాముని సేతువునకు ఇసుక మోసెనని మనము కథగా చెప్పుకొను ప్రాణి అది. కాయ కొఱకను, కొమ్మ ప్రాకను నేర్చిన పిదప దానిని తోటలో విడువవలెను. అది మనలను మఱచిపోయిననాడే మన దయ సఫలము.