ఇంటిపన్ను హెచ్చింపు – అర్జీ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణముల హద్దులలో ఇండ్లు గలవారు పన్ను హెచ్చినదని అరుగులపై వాపోవుచున్నారే గాని, అర్జీ వ్రాయువారు అరుదు. (గ్రామములలో ఇంటిపన్ను పంచాయతీది, అది వేరు సంగతి.)

2020 సంవత్సరపు చట్టసవరణచే 2021 ఏప్రిల్ 1వ తేదీనుండి అద్దెవిలువకు మారుగా స్థలము, కట్టడముల మూలధనపు విలువనుబట్టి పన్ను కట్టు పద్ధతి వచ్చినది. నివాసగృహమునకు నూరు రూపాయల విలువకు 10 పైసలు మొదలు 50 పైసలవరకును, వ్యాపారపు కట్టడమునకు 20 పైసలు మొదలు 2 రూపాయలవరకును హద్దు. పూర్వపు పన్నుపై హెచ్చింపు నూటికి 15కు మించరాదని ప్రభుత్వము నాడు కట్టడి చేసెను.

కావున "స్థలము విలువ హెచ్చు" అని మొరపెట్టుట వృథాశ్రమ. ఆ విలువ రిజిస్ట్రేషనుశాఖవారిది. పట్టుకొనవలసినది కొలతలను. మట్టిమిద్దెను కాంక్రీటు కప్పుగను, పశువులకొట్టమును నివాసపు గదిగను, విత్తనపు మూటలుంచు వసారాను దుకాణముగను వ్రాసినారేమో చూడుడు. దుకాణమని లెక్కకెక్కిన వసారా ఏటేట ఆ రేటుననే పన్ను తెచ్చును.

మన సంఘము అప్పుపత్రములతోనే తృప్తిపడక, సభ్యుల ఇండ్లు కొలిపించి అర్జీలు వ్రాయించుట న్యాయమని నా అభిప్రాయము. పాతరసీదులు, కొలతల పటము జతపరచి, నోటీసునందలి గడువులోపల కమీషనరుగారికి అర్జీ దాఖలుచేసి, తేదీగల రసీదు ఆనాడే పుచ్చుకొనవలయును.