ఒకేసారి చేరినవాళ్లు ఒకేసారి వెళ్లిపోతారు

అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో తుపాకీ పెట్టుకుని, అరెస్టు చేసే అధికారం ఉన్న ఉద్యోగులు 2020 లెక్క ప్రకారం దాదాపు 1,37,000 మంది. ఆ మాట వినగానే మనకు ఎఫ్‌బీఐ గుర్తొస్తుంది. నిజానికి వాళ్లలో సుమారు సగం మంది హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖలో సరిహద్దు గస్తీ తిరిగేవాళ్లు, విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూసేవాళ్లు, వలసదారులను పట్టుకునేవాళ్లు. వీళ్ల సంఖ్య పెంచాలా, తగ్గించాలా అని అక్కడి పార్టీలు ఎప్పుడూ కొట్లాడుకుంటూనే ఉంటాయి. వీళ్లు ఏ ఏడు చేరారు, ఏ ఏడు వెళ్లిపోతారు అన్న లెక్క మాత్రం ఎన్నికల సభల్లో వినపడదు. నా ఆందోళనంతా ఆ లెక్క గురించే.

ముందు నియమం చెప్పుకోవాలి. ఈ ఉద్యోగాల్లో సాధారణంగా 37 ఏళ్లు నిండకముందే చేరాలి. 50 ఏళ్ల వయసు, 20 ఏళ్ల సర్వీసు ఉంటే పూర్తి పెన్షన్‌తో వెళ్లిపోవచ్చు. 25 ఏళ్ల సర్వీసు ఉంటే ఏ వయసులోనైనా వెళ్లొచ్చు. 20 ఏళ్ల సర్వీసుతో 57 నిండితే వెళ్లక తప్పదు. పెన్షన్ కట్టే పద్ధతి ఇంకా ముఖ్యం. ఎక్కువ జీతం తీసుకున్న వరుస మూడేళ్ల సగటు మీద, మొదటి 20 ఏళ్ల సర్వీసుకు ఏడాదికి 1.7 శాతం చొప్పున లెక్కిస్తారు. ఇరవై దాటాక ఏడాదికి 1 శాతమే. అంటే పనిలో పూర్తిగా ఆరితేరిన మనిషికి ఇంకో ఏడాది ఉండటం వల్ల వచ్చే లాభం సగానికి దగ్గరగా పడిపోతుంది. అదే సమయంలో బయట బ్యాంకులు, పెద్ద కంపెనీల సెక్యూరిటీ విభాగాలు మంచి జీతంతో పిలుస్తుంటాయి. వెళ్లిపోయే మనిషిని తప్పుపట్టలేం. వెళ్లమని చట్టమే చెప్తోంది.

ఏటా కొద్దిమందిని చేర్చుకుంటూ పోతే ఈ నియమం వల్ల నష్టం లేదు. పాతవాళ్లు పోతుంటారు, మధ్యవాళ్లు ఎదుగుతుంటారు, కొత్తవాళ్లు వాళ్ల దగ్గర నేర్చుకుంటారు. కానీ అమెరికాలో ఈ నియామకాలు అలా జరగవు. ఏదో ఒక సంఘటన జరుగుతుంది, ప్రజల్లో భయం లేస్తుంది, అక్కడి చట్టసభ కాంగ్రెస్ డబ్బు కుమ్మరిస్తుంది, వేలమందిని ఒక్కసారిగా తీసుకుంటారు. 2001 సెప్టెంబర్ 11 నాటికి విమానాల్లో మారువేషంలో ప్రయాణించే ఎయిర్ మార్షల్స్ 33 మందే. ఆ తర్వాత కొన్ని నెలల్లోనే వేలమందిని చేర్చుకున్నారు. వాళ్లలో ఉద్యోగంలో మిగిలినవాళ్లకు దాదాపు ఒకే కాలంలో ఇరవై ఏళ్లు నిండాయి.

ఇంకా పెద్ద పాఠం బోర్డర్ పెట్రోల్‌ది. 2006 మే నెలలో అధ్యక్షుడు బుష్ 2008 చివరికల్లా మరో 6,000 మందిని చేరుస్తామని ప్రకటించాడు. 2006లో 12,300 పైచిలుకు ఉన్న ఏజెంట్లు 2009కి 20,000 దాటారు, 2011కి 21,400 దాటారు. అంతమంది పూర్వాపరాలు సరిగ్గా విచారించే యంత్రాంగం అప్పుడు లేదు. అభ్యర్థులందరికీ లై డిటెక్టర్ పరీక్ష తప్పనిసరి చేసే చట్టాన్ని కాంగ్రెస్ ఆమోదించింది 2010 చివర్లో, అప్పటికే చాలామంది యూనిఫాం వేసేసుకున్నారు. కాంగ్రెస్‌కు లెక్కలు అప్పజెప్పే జీఏఓ సంస్థ 2012 చివర్లో ఇచ్చిన నివేదికలో రెండు అంకెలున్నాయి. 2005 నుంచి 2012 వరకు సరిహద్దు, కస్టమ్స్ సంస్థ మొత్తంలో అవినీతి కేసుల్లో అరెస్టయినవాళ్లు, అభియోగాలు ఎదుర్కొన్నవాళ్లు, పాత కొత్త ఉద్యోగులు కలిపి 144 మంది. తాగి బండి నడపడం, ఇంట్లో కొట్టడం వంటి దుష్ప్రవర్తన కింద జరిగిన అరెస్టులు 2,170. అరవై వేల మంది దాకా ఉన్న సంస్థలో 144 చిన్న సంఖ్యే. కానీ స్మగ్లింగ్ ముఠాకు సరిహద్దు చెక్‌పోస్టు లేన్‌లో నిలబడ్డ ఒక్క మనిషి చాలు.

ఆ 2006-2011 గుంపుకే ఇప్పుడు ఇరవై ఏళ్లు నిండటం మొదలవుతోంది. ముప్పై దాటాక చేరినవాళ్లు ముందు వెళ్తారు. పాతికేళ్లకే చేరినవాళ్లు 2031 తర్వాత వెళ్తారు. ఇది జోస్యం కాదు. వాళ్ల పుట్టినతేదీలు, చేరిన తేదీలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి.

జీతం సంగతి కూడా పైకి కనిపించేంత సూటిగా ఉండదు. ఎఫ్‌బీఐ, సీక్రెట్ సర్వీస్ వంటి చోట్ల దర్యాప్తు చేసే ఏజెంట్లకు 1994 చట్టం ప్రకారం మూల వేతనం మీద 25 శాతం అదనంగా వస్తుంది. దానికి బదులుగా ఏడాది సగటున రోజుకు కనీసం రెండు గంటలు, ముందుగా చెప్పని వేళల్లో పనిచేయాలి లేదా అందుబాటులో ఉండాలి. బోర్డర్ పెట్రోల్‌కు 2014లో వేరే చట్టం వచ్చింది. రెండు వారాల్లో 80 గంటలు చేస్తే మామూలు జీతం, 90 చేస్తే 12.5 శాతం ఎక్కువ, 100 చేస్తే 25 శాతం ఎక్కువ. దానికి ముందు ఓవర్‌టైమ్ ఎవరికి వారే రాసుకునే పద్ధతి ఉండేది. పని లేకపోయినా రోజూ రెండు గంటలు రాసుకుంటున్నారని 2013లో ఫిర్యాదులు బయటపడ్డాకే అది మారింది. 25 శాతం అదనంగా తీసుకునేవాళ్ల మొత్తం జీతంలో ఐదో వంతు నిద్ర, ఇల్లు, పిల్లలను వదులుకున్నందుకు ఇచ్చేదే. పెన్షన్ కూడా దాన్ని కలిపే లెక్క కడతారు కాబట్టి ఎవరూ వదులుకోలేరు.

ఈ ఉద్యోగాల్లో ఎవరు నిలబడగలుగుతారన్నది అక్కడే తేలిపోతోంది. ఫెడరల్ ఏజెంట్లలో మహిళలు దాదాపు ఏడుగురిలో ఒకరు. రెండు దశాబ్దాలుగా ఆ నిష్పత్తి పెద్దగా కదల్లేదు. బోర్డర్ పెట్రోల్‌లో వందకు ఐదుగురు. ఎఫ్‌బీఐలో దాని డైరెక్టర్ హూవర్ చనిపోయిన తర్వాతే, 1972లో, మళ్లీ మహిళలను, అదీ ఇద్దరిని, ఏజెంట్లుగా తీసుకున్నారు. ఒకరు అంతకుముందు క్రైస్తవ సన్యాసిని, ఇంకొకరు మెరైన్స్‌లో పనిచేసి వచ్చినవారు. అర్ధశతాబ్దం గడిచాక, 2022 డిసెంబర్‌లో, న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ క్వాంటికోలోని ఎఫ్‌బీఐ శిక్షణ అకాడమీని పరిశీలించి, మహిళా ట్రైనీలను పురుషులకంటే ఎక్కువ నిష్పత్తిలో బయటికి పంపుతున్నారని తేల్చాడు. అలా పంపేయబడ్డ 34 మంది వేసిన దావాలో 2024లో 2.2 కోట్ల డాలర్లకు పైగా పరిహారం కుదిరింది. సరిహద్దులో పట్టుబడేవాళ్లలో తల్లులు, పిల్లలు ఎంతమంది ఉంటారో తెలిసినవాళ్లకు, వందకు ఐదుగురు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

అదే బోర్డర్ పెట్రోల్‌లో దాదాపు సగం మంది హిస్పానిక్‌లు. కారణం స్పష్టంగానే ఉంది. ఆ ఉద్యోగానికి డిగ్రీ తప్పనిసరి కాదు. టెక్సస్‌లో రియో గ్రాండే నది పక్కన బీద కౌంటీల్లో, స్పానిష్ ఇంట్లోనే నేర్చుకున్న కుర్రాడికి దానికి సాటివచ్చే జీతం ఇంకెక్కడా దొరకదు. ఎఫ్‌బీఐకి డిగ్రీ కావాలి, పైన ఉద్యోగానుభవమూ కావాలి.

సిబ్బంది విషయంలో అందరికంటే అడుగున ఉన్నది ఫెడరల్ జైళ్ల శాఖ. 2019 ఆగస్టు 10 తెల్లవారుజామున న్యూయార్క్ ఫెడరల్ జైల్లో, లైంగిక నేరాల కేసులో ఖైదీగా ఉన్న జెఫ్రీ ఎప్‌స్టీన్ చనిపోయాడు. ఆ రాత్రి కాపలా ఉన్న ఇద్దరూ ఓవర్‌టైమ్‌లో ఉన్నవాళ్లే. అందులో ఒకరి రోజువారీ ఉద్యోగం అసలు కాపలా కాదు. ఎప్‌స్టీన్ గదికి వాళ్ల బల్ల 15 అడుగుల దూరంలోనే ఉంది. ఇంటర్నెట్ చూస్తూ గడిపారని, దాదాపు రెండు గంటలు నిద్రలో ఉన్నట్టు కనిపించారని, చేయని తనిఖీలు చేసినట్టు రిజిస్టర్లో రాశారని అభియోగపత్రం చెప్పింది. తప్పుడు రాతలు రాసినట్టు తర్వాత ఇద్దరూ ఒప్పుకున్నారు. ప్రపంచం ఆ మరణం చుట్టూ ఎన్నో కథలు అల్లింది. నాకు ఆ కథలకంటే ఆ రాత్రి డ్యూటీ చార్టే భయంకరంగా తోస్తుంది. సిబ్బంది చాలక టీచర్లను, నర్సులను, వంటవాళ్లను కూడా కాపలాకు నిలబెట్టే అలవాటు ఆ శాఖలో ఏళ్ల తరబడి ఉంది. 2023లో జీఏఓ ఈ శాఖను తన ‘హై రిస్క్’ జాబితాలో చేర్చింది.

ఈ పరిస్థితుల్లోనే ఇప్పటిదాకా చూడనంత పెద్ద నియామకం వచ్చింది. 2025 జులై 4న సంతకమైన చట్టం వలసల విభాగం ఐసీఈకి నిర్బంధ కేంద్రాల ఖర్చు కాకుండానే దాదాపు 3,000 కోట్ల డాలర్లు ఇచ్చింది. లక్ష్యం కొత్తగా 10,000 మంది. చేరితే 50,000 డాలర్ల దాకా బోనస్, 60,000 డాలర్ల దాకా చదువు అప్పు తీరుస్తామన్నారు. ఆగస్టులో గరిష్ఠ వయోపరిమితి ఎత్తేశారు. శిక్షణలో ఐదు వారాల స్పానిష్ భాషా పాఠం తీసేసి, మొత్తాన్ని ఎనిమిది వారాల దగ్గరికి తెచ్చారు. 2026 జనవరిలో 12,000 మందిని చేర్చుకున్నామని, బలం 10,000 నుంచి 22,000కు పెరిగిందని హోంల్యాండ్ శాఖ ప్రకటించింది.

అంటే ఇద్దరిలో ఒకరికి పైగా కొత్తవాళ్లు. పని నేర్పాల్సిన పాతవాళ్లలో ఒక్కొక్కరి వెనక ఒకరికంటే ఎక్కువమంది కొత్తవాళ్లు ఉన్నారు.

మరి ఇంతమంది ఎక్కడినుంచి వస్తున్నారు? కొంతమంది కౌంటీ పోలీసుల నుంచి. ఐసీఈతో కలిసి పనిచేస్తున్న తమ డెప్యూటీలకే బోనస్ ఎర చూపి పిలుస్తున్నారని ఫ్లోరిడా షెరిఫ్‌లు బహిరంగంగానే కోప్పడ్డారు. కొంతమంది జైళ్ల నుంచి. ఐసీఈ బోనస్ ప్రకటించిన ఏడాదే జైళ్ల శాఖ తన ఉద్యోగులను నిలుపుకోవడానికి ఇచ్చే బోనస్‌లో కోత పెట్టింది. పై చెరువుకు గండి కొట్టి కింది చెరువు నింపితే ఊళ్లో నీళ్లు పెరగవు. పైగా 2025 నుంచి ఐసీఈ తాను పట్టుకున్నవాళ్లను కొన్ని ఫెడరల్ జైళ్లలోనే ఉంచుతోంది. కాపలావాళ్లు తగ్గిన చోటికే బందీలు పెరుగుతున్నారు.

వయోపరిమితి ఎత్తేయడంలో ఎవరూ పట్టించుకోని మెలిక ఒకటుంది. 57కి వెళ్లిపోవాలన్న నియమం 20 ఏళ్ల సర్వీసు పూర్తయినవాళ్లకే. 48 ఏళ్లకు చేరిన మనిషికి అది 68 దాకా వర్తించదు. చురుకైన వయసువాళ్లే ఉండాలని రాసుకున్న చట్టం కిందే, 65 ఏళ్ల మనిషి తుపాకీతో తలుపులు తట్టే రోజు రావచ్చు. వీళ్లలో పాతికేళ్ల కుర్రాళ్లు మాత్రం 2050 ప్రాంతంలో గుంపుగా లేచి వెళ్తారు.

మనవాళ్లకు ఇది దూరపు సంగతేమీ కాదు. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారాన్ని తెలుగు ఇళ్లలో ఇంకా మరిచిపోలేదు. ఆ నకిలీ యూనివర్సిటీని నడిపింది ఐసీఈ దర్యాప్తు విభాగం ఏజెంట్లే, చిక్కుకున్న విద్యార్థుల్లో ఎక్కువమంది తెలుగువాళ్లు. ఆ కేసు మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, దాన్ని నడిపినవాళ్లకు విద్యార్థుల ఐ-20 పత్రం అంటే ఏమిటో, చదువుకు తోడు పనిచేయనిచ్చే ఓపీటీ అంటే ఏమిటో తెలుసు. ఉద్యోగం పోయిన హెచ్-1బీ వీసా మనిషికి అరవై రోజుల దాకా గడువు ఉంటుందన్నది ఎనిమిది వారాల శిక్షణతో రోడ్డు మీదికొచ్చిన అధికారికి గుర్తుంటుందా? ఉండకపోతే ఆ పొరపాటు ధర చెల్లించేది కారులో కూర్చున్నవాడే.

అక్కడ ఓటున్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. మీ కాంగ్రెస్ సభ్యుడు ఏ పార్టీవాడైనా మూడు విషయాలు అడగండి. ప్రతి సంస్థలో ఐదేళ్ల లోపు సర్వీసు ఉన్నవాళ్లు ఎంతమందో, వచ్చే ఐదేళ్లలో పెన్షన్‌కు అర్హులయ్యేవాళ్లు ఎంతమందో ఏటా ప్రకటించమనండి. ఇరవై ఏళ్లు దాటినవాళ్లను మరో ఐదేళ్లు శిక్షకులుగా నిలుపుకునేలా పెన్షన్ లెక్క మార్చమనండి. ఐసీఈకి ఇచ్చిన డబ్బులో కొంతైనా జైళ్లలో రెండో షిఫ్ట్ చేస్తున్నవాళ్లకు మళ్లించమనండి. 2006లో చేరిన మొదటి బ్యాచ్‌కు ఇరవై ఏళ్లు ఈ 2026లోనే నిండుతున్నాయి.