మరమనిషి ఓదార్పు

మరమనిషి మాటలాడిన దనిన నేడు వింతపడువారు తక్కువ. 2017 నవంబరు 28వ తేదీన హైదరాబాదులో జరిగిన ప్రపంచ పారిశ్రామికుల సభలో 'మిత్ర' యను బెంగుళూరు మరమనిషి ప్రధానమంత్రికిని, అమెరికా ప్రతినిధి ఇవాంకా ట్రంపుగారికిని స్వాగతము పలికెను. అది స్వదేశీ వస్తువని మాకును గర్వమే. కాని స్వాగతము వేడుక, ఓదార్పు వేరు. ముఖము చూచి దుఃఖమును, గొంతు విని కోపమును పసిగట్టి మెత్తగ పలుకు యంత్రములు నేడు వచ్చుచున్నవి. వానిని జనులు నమ్ముదురా యని కొందరు సందేహించుచున్నారు. నమ్ముదురు. మా భయమెల్ల నదియే.

1966లో అమెరికాలో వైజెన్‌బామ్ అను ఆచార్యుడు 'ఎలైజా' యను సంభాషణ క్రమమును ప్రకటించెను. దానికి ముఖము లేదు, కంఠము లేదు. మనము వ్రాసిన మాటనే ప్రశ్నగ త్రిప్పి యడుగుట దాని విద్య. దాని తయారీని నెలల తరబడి చూచిన ఆయన కార్యదర్శినియే దానితో ముచ్చటింప మొదలిడి, ఆచార్యుని గది వెలుపలికి పొమ్మని కోరినదట! చదువుకొన్నవారి సంగతియే ఇది.

కోటబొమ్మాళి ప్రాంతమున బిడ్డలు విశాఖకో హైదరాబాదుకో పోగా, 'అన్నము తింటివా, అమ్మా?' యని యడుగు దిక్కులేని ముసలివారి ఇండ్లు ఎన్నియో కలవు. ఆ మాట యంత్ర మడిగినను ఆ తల్లి కన్ను చెమర్చును. ఆమెను పరిహసింప మాకు నోరు రాదు. ఆకలిగొన్నవారు వడ్డించువాని గోత్ర మడుగుదురా? 2020లో నోయిడా ఆసుపత్రిలో అదే 'మిత్ర' రోగుల మంచములకడకు పోయి, రొమ్ముమీది తెరలో బంధువుల ముఖములు చూపెను. అట్టి యంత్రమును మేము నెత్తిన పెట్టుకొందుము. ఆ తెరలోని బంధువు నిజమైన బంధువు. తానే బంధువునని పలుకు యంత్రముతో ముసలమ్మ తన మందులు, భూమి కాగితములు, బ్యాంకు పుస్తకము సంగతి యంతయు చెప్పుకొనును. ఆ మాటలు పోవు చెవి యెవ్వరిది? తోలుబొమ్మ యేడ్చినప్పుడు తెరవెనుక నొక గొంతు కలదని మన పల్లెపిల్లవానికిని తెలియును. ఈ బొమ్మకు తెరయే కానరాదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టము పదునారవ సెక్షను, వార్ధక్యము, వ్యాధి, మనోవ్యథలచేత బుద్ధి చెదరినవారిపై పలుకుబడి చెలాయించి అక్రమలాభము పొందుటను తప్పుగ నెంచుచున్నది. ఆ పలుకుబడి మరమనిషిదైనచో ప్లీడరు బోనెక్కించు టెవ్వరిని? (మా వృత్తివారికి ఫీజుకు మాత్రము లోటుండదు.) యజమానినే యని మా నిశ్చితాభిప్రాయము. ఐరోపావారు 2024లో శాసనము చేసి, వైద్య భద్రతా కారణములకు దక్క, ఉద్యోగస్థలములందును పాఠశాలలందును మనోభావములను పసిగట్టు యంత్రములను నిషేధించిరి. 2025 ఫిబ్రవరి 2 నుండి అది అమలులోనికి వచ్చెను. మన ఇండ్లలోని ముసలివారికిని అట్టి రక్షణ వలదా? ఇట్టి యంత్రము నోరు తెరచినంతనే తాను యంత్రమనియు, ఫలానావారి సొత్తనియు, విన్న మాట ఫలానాచోట దాచుననియు శ్రీకాకుళపు ముసలమ్మకు తెలియు తెలుగున చెప్పితీరవలెనని శాసింపవలెను. పఠనమందిరముల వారు ఈ విషయమున తీర్మానములు చేసి శాసనసభ్యులకు పంపవలెనని కోరుచున్నాము. ప్రతులను మాకు పంపినచో ప్రకటింతుము.